అడిగితే చెప్పే విభాగం

ఆ సోమవారం పొద్దున్న నూకరత్నం చెయ్యాల్సిన పని ఒక్కటే. ఒక మీట నొక్కాలి. మిగతాదంతా కంప్యూటరే చూసుకుంటుంది. దీన్నే ఆటోమేషన్ అంటారని ఆరు వారాలుగా ఆఫీసులో అందరికీ చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. నొక్కింది. కంప్యూటరు "పాస్‌వర్డ్?" అంది.

కొట్టింది. ఫైలు వెళ్లింది. మళ్లీ "పాస్‌వర్డ్?" అంది. మళ్లీ కొట్టింది. ఫైలు విప్పుకుని, సర్దుకుని, పాత ప్రోగ్రామును ఆపి కొత్తదాన్ని లేపే ముందు ముచ్చటగా మూడోసారి అడిగింది. ఇదంతా ఒక్క ఆసుపత్రికి. అలాంటివి ముప్పై ఆరు. ముప్పై ఆరు మూళ్లు నూటెనిమిది. అష్టోత్తరం చదివినట్టు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాలన్నమాట. ఇంతోటి దానికి ఆరు వారాలు కష్టపడ్డానా అని నూకరత్నానికి ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె పనిచేసేది రాష్ట్ర వైద్య సూచికల సంస్థలో, కాంట్రాక్టు మీద, ఏడేళ్లుగా. ఆసుపత్రిలో డాక్టరు గది బయట గోడకి ఎర్ర అంకెల బోర్డు ఉంటుంది చూడండి, టోకెన్ నంబరు పడితే మనం లేచి లోపలికి వెళ్తామే, అదిగో ఆ అంకెలు నడిపే సంస్థ. పాత ప్రోగ్రాము ఏ మహానుభావుడు రాశాడో గాని, ఒక ఆసుపత్రికి రోజుకి వందమంది కంటే ఎక్కువ జబ్బు పడరని నమ్మినట్టున్నాడు. వంద తరవాత బోర్డు మళ్లీ ఒకటికి వస్తుంది. నూటొకటో టోకెన్ పట్టుకున్నవాళ్లు సాయంత్రం దాకా గోడకేసి చూసి ఇంటికి పోతారు. బోర్డు మీద పడని నంబరును లోపలికి పంపకూడదని గుమ్మం దగ్గర మనిషికి రాతపూర్వకంగా ఆదేశం ఉంది.

అలా మూడు మంగళవారాలు ఇంటికి తిరిగొచ్చినవాళ్లలో నూకరత్నం అత్తగారు అసిరమ్మ ఒకరు.

అసిరమ్మ రిటైరైన టీచరు. పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా వదలకుండా చదివే మనిషి. రెండు కళ్లకీ పొరలు కమ్మాయి. పేపరు ముక్కుకి ఆనించుకున్నా అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పెద్దాసుపత్రిలో మంగళవారాలు చూసే కళ్ల డాక్టరమ్మ చెయ్యి మంచిదని పేరు. ఆవిడకి బదిలీ అయింది, ముప్పయ్యో తారీఖున వెళ్లిపోతోంది. మళ్లీ ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో ఆ దేవుడికే తెలియాలి.

"ఏటే రత్నం, మీ బోర్డు నన్నేటి చేసిందో తెలుసా?" అని అసిరమ్మ వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే మొదలెట్టేది. "వంద దాకా పెద్దమనిషి లాగ నడిచింది. నా వంతొచ్చేసరికి వెనక్కి తిరిగిపోయింది. ఏడేళ్లబట్టి నువ్వా ఆపీసులో ఏటి చేస్తన్నావే?"

"ఈ నెల్లో మార్చేస్తానత్తా. కొత్తది రాసేశాను. పంపడమే తరువాయి."

అందుకే కంప్యూటరు అలా మూడుసార్లు అడగడం నూకరత్నాన్ని అంతలా కలవరపెట్టింది.

నిజానికి అది అడగకూడదు. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరులోకి సెక్యూర్ షెల్ అనే దారిన వెళ్లాలంటే రెండు పద్ధతులు. గుమ్మంలో నిలబడి రహస్యపు మాట చెప్పడం ఒకటి, తాళంచెవి చూపించడం ఇంకొకటి. నూకరత్నం నెల ముందే ముప్పై ఆరు మిషన్లలోనూ ఆ తాళంచెవికి సరిపోయే తాళం పెట్టించింది. తాళంచెవి చూపిస్తే నోరు మూసుకుని దారివ్వాలి. మరి ఇదేమిటి?

మొదటి వరసలో ఉన్న అగ్రహారం ఆసుపత్రి మిషనులోకి వెళ్లి, అది రాసుకునే చిట్టా తెరిచి చదివింది. కారణం అక్కడ శుభ్రంగా రాసి ఉంది. తాళం దాచిన ఇంటి ఫోల్డరు ఊళ్లోవాళ్లెవరైనా వచ్చి రాసేటట్టు బార్లా తెరిచి ఉందట. అలాంటి ఇంట్లో కనబడ్డ తాళాన్ని నమ్మదట. అందుకని మాట అడుగుతోంది. నూకరత్నానికి మిషను మీద గౌరవం పెరిగింది. ఇంత బుద్ధి ఉన్న ప్రాణి తమ సంస్థలో ఉందని ఆమెకి అప్పటిదాకా తెలీదు.

ఒక్క వరస ఆదేశం కొట్టి ఆ ఫోల్డరు మూసింది. మీట నొక్కింది. అగ్రహారం కిక్కురుమనలేదు. హమ్మయ్య అనుకుని, తక్కినవి రేపు చేద్దామని టీ తాగడానికి వెళ్లింది. మర్నాడు పదింటికి మళ్లీ నొక్కితే అగ్రహారం మళ్లీ "పాస్‌వర్డ్?" అంది.

ఎవరో తలుపు తెరిచారు. ఎవరా అని వెతికితే దొరికింది. ఆరు నెలల కింద సంస్థ పారదర్శకతా పక్షోత్సవాలు జరుపుకుంది. దాపరికం లేని పాలన కోసం ఆఫీసులో ఉన్న ప్రతి బీరువా, ప్రతి గది, ప్రతి కంప్యూటరు ఫోల్డరు అందరికీ తెరిచి ఉంచాలని ఉత్తర్వు. బీరువాల తలుపులు ఊడదీసి వరండాలో పేర్చారు. గదుల తలుపులూ పోయాయి. మరుగుదొడ్ల దాకా వచ్చేసరికి ఆడవాళ్లందరూ వెళ్లి మేనేజింగ్ డైరెక్టరు గది ముందు కూర్చుంటే, "ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా" అని మూడు వాక్యాల మినహాయింపు ఇచ్చారు. పదిహేను రోజుల ఉత్సవాలే గాని, మొదలుపెట్టమని ఉత్తర్వు వచ్చింది, ముగించమని రాలేదు. కాబట్టి ఇంకా నడుస్తున్నాయి. కంప్యూటర్ల కోసం ఒక చిన్న ప్రోగ్రాము పెట్టారు. తెరవడం, ముయ్యడం రెండూ దానికి వచ్చు గాని, ముయ్యమని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. రోజూ పదింటికి ముప్పై ఆరు మిషన్లూ హెడ్డాఫీసులో ఉన్న జాబితా చూసుకుని, అందులో ఏ ఫోల్డరు తెరవమని ఉంటే దాన్ని బార్లా తెరుస్తాయి. ఆ జాబితాలో ఒక్క వరస మారిస్తే చాలు.

నూకరత్నం మేనేజింగ్ డైరెక్టరు ఉమాకాంతం గారి దగ్గరికి వెళ్లింది. తలుపు లేదు కాబట్టి గోడ మీద తట్టింది.

"ముయ్యాలా?" అన్నారాయన, విన్నది నమ్మలేక. "ఏం ముయ్యాలమ్మా?"

"ఫోల్డరండి. మిషనుకి ఒక్కటి చొప్పున. మూస్తే ఇంక పాస్‌వర్డ్ అడగదండి."

ఉమాకాంతం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు ఆయన అలా చేస్తారు. "చూడమ్మా నూకరత్నం, రాష్ట్రం మొత్తమ్మీద నూటికి నూరు శాతం తెరవబడిన సంస్థ మనదొక్కటే. నువ్వు ముప్పై ఆరు మూస్తే అది తొంభైతొమ్మిది చిల్లరకి దిగుతుంది. రేపు పైవాళ్లు ఆ చిల్లర గురించి అడిగితే నేనేమని వివరణ సమర్పించుకోవాలి?"

"కానండీ, మిషను ఊరికే అడుగుతోందండి."

"అడగనీ! పౌరులు అడుగుతారు, పత్రికలు అడుగుతాయి, మిషనూ అడుగుతుంది. ప్రశ్నను స్వాగతించడమే కదమ్మా పారదర్శకత?"

పక్కన సూపరింటెండెంటు పద్మనాభం గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క ఫైలుకి కూడా కాదని రాయని మనిషి, అవునని కూడా రాయలేదు. "సార్, ఈ విషయమై నాదొక అల్పాభిప్రాయం," అన్నారు. "అడిగేదాన్ని అడక్కుండా చెయ్యడం నియంతృత్వ ధోరణి అనిపించుకుంటుంది. అడిగినప్పుడు చెప్పే యంత్రాంగాన్ని బలోపేతం చెయ్యడం ప్రజాస్వామిక పద్ధతి. తమరు అనుమతిస్తే ఇందు నిమిత్తం ఒక విభాగం నెలకొల్పవచ్చు."

ఉమాకాంతం గారి మొహం వెలిగిపోయింది. విభాగం అన్న మాట వింటే ఆయనకి ఆకలి కూడా తెలీదు.

అది ఏర్పడేదాకా ఎవరూ మీట ముట్టుకోకూడదన్నారు. వారం తిరిగేసరికి విభాగం వెలిసింది. పాస్‌వర్డ్ అంతా ఒక్కరి చేతిలో ఉండటం భద్రతకి భంగమని, పన్నెండు అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టించి దాన్ని నాలుగు ముక్కలు చేశారు. నలుగురు ఉద్యోగులు, మనిషికి మూడేసి అక్షరాలు. కాంట్రాక్టు మనిషికి పాత పాస్‌వర్డ్ తెలిసుండటం కూడా అభ్యంతరకరమే కనక, నూకరత్నం చేత దాన్ని మర్చిపోయినట్టు ధ్రువీకరణ పత్రం రాయించుకున్నారు. ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు.

నలుగురి మధ్యా తెరలు కట్టాలన్నారు, ఒకరి ముక్క ఒకరు చూడకుండా. తెర కడితే పారదర్శకతకి లోటన్నారు. రెండు రోజులు చర్చించి దోమతెరలు కట్టారు.

మొదటి రోజు పనిని నూకరత్నం జన్మలో మర్చిపోదు. మీట నొక్కింది. అగ్రహారం అడిగింది. మొదటి ముక్క ఆయన మూడక్షరాలు కొట్టి గంట మోగించాడు. రెండో ముక్క ఆవిడ కొట్టి గంట మోగించింది. మూడో ముక్క సన్యాసిరావు గారిది. ఆయన ఒక్క వేలితో కొడతారు, కొట్టే ముందు ఆ వేలిని ఒకసారి చూసుకుంటారు. కొట్టాక తెర మీద ఏమీ కనబడలేదు.

"ఏటమ్మా, అచ్చరం పడలేదు?"

"పాస్‌వర్డ్ కనబడదండి. పడే ఉంటుంది."

"కనబడకుండా పడిందని నానెలా నమ్మీది?" అని ఆయన ఇంకోసారి కొట్టారు. తప్పు పాస్‌వర్డ్ అంది మిషను. మళ్లీ మొదటి ముక్క నుంచి. నాలుగో ముక్క ఆయన టీకి వెళ్లి ఉన్నాడు. ఆయన్ని పిలుచుకొచ్చేసరికి రెండు నిమిషాలు దాటి, మిషను విసుక్కుని తలుపేసుకుంది. సాయంత్రం ఐదింటికి అగ్రహారం పూర్తయింది. పద్మనాభం గారు పురోగతి నివేదికలో "ఒకటి, సంతృప్తికరం" అని రాశారు.

తరవాత చెయ్యి తిరిగి రోజుకి రెండేసి అవుతున్నాయి. మధ్యలో సన్యాసిరావు గారి తోడల్లుడి గృహప్రవేశమని రెండు రోజులు మూడో ముక్క సెలవు పెట్టింది. మూడో ముక్క ఇంకొకరికి చెప్పకూడదు కనక రెండు రోజులూ మిగతా ముగ్గురూ తమ తమ ముక్కలు కొట్టి, గంటలు మోగించి, ఫలితం లేకుండా విధులు నిర్వర్తించారు.

ఆసుపత్రులకి అక్షరక్రమం పెట్టారు. పెద్దాసుపత్రి ఇరవయ్యారోది. నూకరత్నం వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. నెలాఖరుకి అక్కడిదాకా రాదు. పద్మనాభం గారి దగ్గరికి వెళ్లి, పెద్దాసుపత్రిని కాస్త ముందుకి జరపమని అడిగింది. కారణం కూడా దాచలేదు.

"మీ అత్తగారి కోసం ‘ప’ని ముందుకి లాగితే, ‘అ’లో ఉన్న అత్తగార్ల గతేమిటమ్మా?"

"‘అ’ ఎప్పుడో అయిపోయింది కదండీ."

"అయిపోయినవాళ్లకి మాత్రం మనోభావాలుండవా?" అని పద్మనాభం గారు నొచ్చుకున్నారు.

ఇరవై మూడో తారీఖున ఉమాకాంతం గారు ఆమెని పిలిచి కూర్చోమన్నారు. ఏడేళ్లలో ఆయన కూర్చోమనడం అదే మొదలు.

"ఎల్లుండి సోమవారం ప్రధాన కార్యదర్శి గారు వస్తున్నారు. మన సంపూర్ణ ఆటోమేషన్ కేంద్రాన్ని ఆవిడ చేతుల మీదుగా ప్రారంభిస్తున్నాం. నలుగురితో పని జాప్యమవుతోంది కనక పన్నెండు పోస్టులకి ప్రతిపాదన పెట్టాను. ఒక్కొక్కరికి ఒక్కక్షరం. వాళ్ల మీద విభాగాధికారి. పెర్మనెంటు పోస్టు. నీ పేరు రాశానమ్మా."

పెర్మనెంటు అన్న మాట కోసం నూకరత్నం ఏడేళ్లుగా ప్రతి మార్చిలోనూ దణ్ణాలు పెట్టుకుంటోంది.

"షరతు ఒక్కటే," అన్నారాయన కళ్లజోడు తీసి. "మిషను అడుగుతూ ఉండాలి. అడగటం మానితే విభాగం లేదు, విభాగం లేకపోతే పోస్టు లేదు. అర్థమైంది కదా?"

ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెప్పింది. అసిరమ్మ పొంగిపోయింది. "నాను చెప్పలే? నా కోడలికి కాకపోతే ఇంకెవలికి ఇస్తారే! ఉండు, నోరు తీపి చేసుకో," అని పంచదార డబ్బా కోసం తడుముకుంటూ ఉప్పు డబ్బా తీసింది. నూకరత్నం చూసి డబ్బా మార్చింది.

"అయితే ఏటి, మిసను అడుగుతానే ఉండాలా?" అంది అసిరమ్మ, పంచదార నోట్లో వేసుకుని. "అది అడక్కుండా చెయ్యడం నీకు రాదేటే?"

"వచ్చత్తా. ఒక్క వరస మారిస్తే చాలు."

"మరి?"

నూకరత్నం పంచదార డబ్బాకి మూత బిగించింది. అసిరమ్మ పేపరు తీసి కిటికీ దగ్గరికి వెళ్లి, అటూ ఇటూ తిప్పి, మడత పెట్టి పక్కన పెట్టేసింది. "పోన్లే, చదివి ఇప్పుడు నానేం ఊడపొడవాలి? నువ్వు జాగ్రత్తగా పోస్టు సూసుకో," అంది. ఆ మాట ఎత్తిపొడుపు కాదు, మనసారా అన్నదే. అందుకే నూకరత్నానికి తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది. ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. తన మీద తనకే కోపమొచ్చింది.

సోమవారం ఆమె తొమ్మిదిన్నరకే ఆఫీసుకి వెళ్లింది. తలుపులు తెరిచే జాబితా ఎక్కడుందో తెలుసు. అదీ బార్లా తెరిచే ఉంది. ఉత్తర్వు ప్రకారం సంస్థలో ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. నూకరత్నం ఆ ఫోల్డరు తెరవమన్న వరస తీసేసి, అది మూసి ఉండాలని ఇంకో వరస రాసి, కుర్చీలో కూర్చుంది. పదింటికి ముప్పై ఆరు తలుపులూ వాటంతటవే మూసుకున్నాయి.

పదకొండింటికి ప్రధాన కార్యదర్శి గారు వచ్చారు. జ్యోతి వెలిగించారు. నలుగురు ముక్కలవాళ్లూ ఇస్త్రీ బట్టల్లో, దోమతెరల వెనకాల, వేళ్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. ఉమాకాంతం గారు "మానవ సహిత ఆటోమేషన్‌లో ఇదొక మైలురాయి" అని పది నిమిషాలు మాట్లాడారు. ఆవిడ మీట నొక్కారు.

తెర మీద ఆసుపత్రుల పేర్లు టకటకా పడిపోయాయి. ఒక్కటీ అడగలేదు. రెండు నిమిషాల లోపే ముప్పయ్యారూ అయిపోయాయి. సన్యాసిరావు గారి వేలు గాల్లోనే ఉండిపోయింది.

"అయిపోయిందా?" అన్నారు కార్యదర్శి గారు.

"ఇంకా అడగలేదండి," అన్నారు పద్మనాభం గారు.

"ఏమడగాలి?"

"పాస్‌వర్డండి. అడిగితే చెప్పడానికి మావాళ్లు సర్వసన్నద్ధంగా ఉన్నారండి."

"అడక్కుండానే అయిపోయింది కదా?"

"అదేనండి సమస్య," అన్నారు ఉమాకాంతం గారు, చెమట తుడుచుకుంటూ.

ఆవిడ నలుగురినీ, నాలుగు గంటలనీ, దోమతెరలనీ ఒకసారి చూశారు. నాలుగు జీడిపప్పులు తిని వెళ్లిపోయారు. పన్నెండు పోస్టుల ప్రతిపాదన ఫైలు ఆవిడ కారెక్కకుండా బల్ల మీదే ఉండిపోయింది.

మర్నాడు మంగళవారం. అసిరమ్మకి నూట ముప్పై ఒకటో టోకెన్ వచ్చింది. బోర్డు మీద వంద పడింది. హాల్లో జనం అలవాటు ప్రకారం సంచులు సర్దుకోబోయారు. నూటొకటి పడింది. ఎవరో చప్పట్లు కొట్టారట. రెండు రోజుల తరవాత డాక్టరమ్మ కుడికంటికి ఆపరేషను చేసి, ఎడమకంటికి ఇంకో డాక్టరు పేరు చీటీ మీద రాసిచ్చి, ముప్పయ్యో తారీఖున వెళ్లిపోయింది.

ఆఫీసులో ఈలోగా విచారణ జరిగింది. జాబితా ఎవరు మార్చారు? సంస్థలో రెండొందల పద్నాలుగు మంది ఉన్నారు, అందరికీ మార్చే హక్కుంది, ఆ హక్కిచ్చింది ఉమాకాంతం గారి ఉత్తర్వే. నేనే మార్చానని నూకరత్నం లేచి చెప్పింది. హక్కున్న పని చేసినందుకు చర్య తీసుకోవడానికి నిబంధన లేదని పద్మనాభం గారు మూడు రోజులు పుస్తకాలు తిరగేసి తేల్చారు. చర్య తీసుకోకుండా ఉండటానికీ నిబంధన దొరకలేదు. అందుకని మెమో ఇచ్చారు.

మెమో ఇంటికే వచ్చింది, రిజిస్టరు పోస్టులో, వారం తరవాత. నూకరత్నం ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఆమె వచ్చేసరికి అసిరమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కవరు చింపి, గట్టిగా చదువుతోంది.

"‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రారంభోత్సవ సమయమున ముప్పదియారు యంత్రములును పాస్‌వర్డ్ అడుగుట మానివేసినందున, అడిగిన యెడల చెప్పుటకు నియోగింపబడిన సిబ్బంది తమ విధులను నిర్వర్తించు అవకాశము కోల్పోయినారు. ఇట్టి పరిస్థితి మీ నైపుణ్యము వలన ఏర్పడినట్లు ప్రాథమికముగా రుజువైనది. మీపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా వివరణ ఇవ్వవలెను.’ అబ్బో, కింద ఇంకా ఉందే. చీమ తలకాయలంత అచ్చరాలు. ‘ప్రతి: పాస్‌వర్డ్ విభాగము, విశ్రాంతిలో ఉన్నది.’"

నూకరత్నం చెప్పులు విప్పడం మానేసి గుమ్మంలో నిలబడిపోయింది. అసిరమ్మ ఒక్క అక్షరం కూడా తడబడలేదు. పేపరు ముక్కుకి ఆనించుకోలేదు. చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, బళ్లో పాఠం చెప్పినట్టు చదివింది.

"ఉజ్జోగం పోద్దేటే?" అంది అసిరమ్మ.

"ఏమో అత్తా. పోవచ్చు. పోస్టు మాత్రం పోయింది."

"నానే గదే దానికి కారణం."

"కాదత్తా. నాకే సిగ్గేసింది."

అసిరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తరవాత, "వివరణంటే ఏటి రాయాలి?" అంది.

"అదే తెలీడం లేదు."

"కలం ఇలా తే."

నూకరత్నం ఇచ్చింది. అసిరమ్మ మెమోని వెనక్కి తిప్పి, ఒళ్లో అట్ట పెట్టుకుని, గీత తప్పకుండా గుండ్రటి అక్షరాలతో రాసింది. రాసి, ఒకసారి చదువుకుని కోడలి చేతికిచ్చింది.

"అయ్యా, మీ మెమో అందింది. ఇంట్లో నా కోడలు లేకపోతే నేనే చదువుకున్నాను, కుడికంటితో. ఇట్లు, అసిరమ్మ."

మర్నాడు పొద్దున్న నూకరత్నం దాని కింద తన సంతకం పెట్టి, ఆఫీసుకి పట్టుకెళ్లి, వివరణల ట్రేలో వేసింది.